అడగని వాడికి వకీలు

బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ రోడ్డు పట్టుకుంటే ఊరు దాటాక బోద్రీ వస్తుంది. చిన్న పట్టణం. పక్కనే చకర్‌భఠా విమానాశ్రయం, కాస్త దూరంలో హౌరా నుంచి నాగ్‌పూర్ మీదుగా ముంబై వెళ్లే రైలు మార్గం. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నది ఇక్కడే. 2000 నవంబరు 1న రాష్ట్రం పుట్టినప్పుడు రాజధాని రాయ్‌పూర్‌కి, హైకోర్టు బిలాస్‌పూర్‌కి దక్కాయి. కొన్నేళ్లు నగరంలోని పాత భవనంలో నడిచిన కోర్టు తర్వాత బోద్రీకి మారింది. రాజధాని ఒకచోట, హైకోర్టు మరోచోట ఉండటం మనకేమీ కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో హైకోర్టు గుంటూరులో ఉండేది. ఆ పంపకం గురించి మనవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

బిలాస్‌పూర్‌తో తెలుగువాళ్ల బంధం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నాటిది. ఉత్తరాంధ్ర నుంచి రైలు పనికి వెళ్లిన కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. ఆ ఊరి నుంచి తిరుపతికి నేరుగా రైలుంది. అయితే ఈ వ్యాసానికి కావలసిన తెలుగు వినిపించేది రాష్ట్రం రెండో కొసలో, శబరి ఒడ్డున ఉన్న కొంటాలో. దోర్లా, కోయ, తెలుగు కలగలిసిన మాట అక్కడిది. జబ్బు చేస్తే భద్రాచలం దగ్గర, కేసు పడితే బోద్రీ దూరం. సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్ దాటుకుని హైకోర్టు చేరాలంటే అయిదు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆ కొస నుంచి ఈ కొసదాకా ఒక ముద్దాయికి వకీలు ఎక్కడ దొరుకుతాడు, ఎప్పుడు దొరుకుతాడు, దొరికినవాడు ఏం చేయగలుగుతాడు అన్నదే మన ప్రశ్న. దీని మీద మన కోర్టులు డెబ్భై అయిదేళ్లుగా తీర్పులు ఇస్తూనే ఉన్నాయి. ఆ తీర్పుల వరుస మొదలైంది తెలుగు నేల మీదే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడినవాళ్లను విచారించడానికి 1358 ఫసలీ రెగ్యులేషన్ కింద స్పెషల్ ట్రిబ్యునళ్లు వేశారు. 1949లో ఆ ట్రిబ్యునళ్లు హత్యానేరం మీద పన్నెండు మందికి మరణశిక్ష వేశాయి. హైదరాబాద్ హైకోర్టు ఆ ఏడాది డిసెంబరులో శిక్షల్ని ఖాయం చేసింది. ఇంకో నెలన్నర గడిస్తే, 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ నెలన్నరే వాళ్ల కొంప ముంచింది. రాజ్యాంగానికి ముందే ముగిసిపోయిన కేసుల మీద అప్పీలు వినే అధికారం తనకు లేదని సుప్రీంకోర్టు 1950 డిసెంబరులో చెప్పింది. ఇక మిగిలింది రిట్ పిటిషన్. అలా వచ్చిందే జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం కేసు.

వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. రైష్‌స్టాగ్ దహనం మీద 1933లో లండన్‌లో జరిగిన ప్రతి-విచారణకు అధ్యక్షత వహించింది ఆయనే. తర్వాత కెన్యాలో జోమో కెన్యాటా తరఫున నిలబడిందీ ఆయనే. తెలంగాణ పల్లెల రైతుల ప్రాణాల కోసం అంతటి బారిస్టరు ఢిల్లీలో నిలబడ్డాడు. కానీ అంతకుముందు, సాక్షులు బోనెక్కి చెబుతున్నప్పుడు, ట్రిబ్యునల్‌లో ఈ ముద్దాయిల తరఫున నిలబడ్డ వకీలు లేడన్నదే ఫిర్యాదు. మన న్యాయవ్యవస్థలో ఈ తలకిందులు వ్యవహారం అప్పుడే మొదలైంది. కింద ఉండాల్సినప్పుడు ఎవరూ ఉండరు, పైన హేమాహేమీలు ఉంటారు. సాక్షిని నిలదీయాల్సింది మాత్రం కిందనే.

1951 మార్చిలో సుప్రీంకోర్టు పిటిషన్లు కొట్టేసింది. వకీలును పెట్టుకునే హక్కు ముద్దాయికి ఉంది, కాని కావాలని అడగాల్సింది అతనే, లేదా అతని బంధువులే వకీలును కుదుర్చుకోవాలి, మేజిస్ట్రేటు చేయాల్సిందల్లా అందుకు అవకాశం ఇవ్వడమే అన్నది తీర్పు సారాంశం. అడగనిదే అమ్మయినా పెట్టదని మనవాళ్లు అనుకునే మాటే కోర్టు భాషలో చట్టమైంది. తేడా ఏమిటంటే, అమ్మ దగ్గర అడిగితే పెడుతుందని బిడ్డకు తెలుసు. సైనిక పాలనలో, జైలు గోడల మధ్య ఉన్న నల్లగొండ రైతుకు అడగవచ్చని చెప్పిందెవరు? ఆ పన్నెండు మందినీ చివరికి ఉరితీయలేదు. దేశంలోనూ బయటా లేచిన ఆందోళన తర్వాత శిక్షలు యావజ్జీవంగా మారాయి. ప్రాణాలు దక్కింది రాజకీయం వల్ల, తీర్పు వల్ల కాదు. తీర్పు మాత్రం పుస్తకాల్లో ఉండిపోయింది, తర్వాతి కేసులకు ఆధారంగా.

ఆ వాదనల్లో ఒక అమెరికా కేసు ప్రస్తావన ఉంది. 1931 మార్చిలో అలబామా రాష్ట్రంలో గూడ్సు రైలు నుంచి తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లను దింపి, ఇద్దరు తెల్ల యువతుల మీద అత్యాచారం చేశారని కేసు పెట్టారు. పన్నెండు రోజులకే స్కాట్స్‌బరో అనే ఊళ్లో విచారణ మొదలైంది. జడ్జి ఆ ఊరి వకీళ్లందరినీ కలిపి ముద్దాయిల తరఫున నియమించానన్నాడు. అందరిదీ అంటే ఎవరిదీ కాదనే. విచారణ రోజు పొద్దున పక్క రాష్ట్రం నుంచి ఒక స్థిరాస్తి లాయరు వచ్చి నిలబడ్డాడు. ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. 1932లో పావెల్ వర్సెస్ అలబామా తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. చావు బతుకుల కేసులో పేరుకు వకీలును పెట్టడం చాలదనీ, సిద్ధపడటానికి వ్యవధి ఉండాలనీ చెప్పింది. మన సుప్రీంకోర్టు 1951లో దాన్ని చదివింది, మన రాజ్యాంగంలో అమెరికా తరహా నిబంధన లేదని పక్కన పెట్టింది. స్కాట్స్‌బరోలో తేలిన ఆ రెండో విషయం, అంటే వ్యవధి సంగతి, మన దగ్గర దేశమంతటికీ నియమంగా మారడానికి 2019 దాకా పట్టింది.

మధ్యలో జరిగిన కథ న్యాయశాస్త్ర విద్యార్థులకు కంఠతా వచ్చిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 304వ సెక్షన్ వచ్చింది. సెషన్స్ కేసుల్లో స్తోమత లేనివాడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలంది. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో 39-ఎ అధికరణాన్ని చేర్చింది. ఎమర్జెన్సీ పాలకుల చేతిమీదుగా ఉచిత న్యాయసహాయం రాజ్యాంగంలోకి రావడం చరిత్ర చేసే వెటకారాల్లో ఒకటి. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ హోస్కాట్ కేసులో, 1979లో జస్టిస్ భగవతి హుస్సేనారా ఖాతూన్ కేసులో పేదవాడికి వకీలును ఇవ్వడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నారు. హుస్సేనారాది, పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిన బీహారు జైళ్ల మనుషుల కేసు. 1980 డిసెంబరులో, భాగల్‌పూర్‌లో పోలీసులు విచారణ ఖైదీల కళ్లు పొడిచిన కేసు, అంటే ఖాత్రీ కేసు తీర్పు వచ్చింది. విచారణ మొదలయ్యాక కాదు, మేజిస్ట్రేటు ముందుకు మొదటిసారి తెచ్చిన రోజే ఈ హక్కు మొదలవుతుందనీ, హక్కుందని మేజిస్ట్రేటే చెప్పాలనీ కోర్టు అంది.

ఇక 1986 నాటి సుక్‌దాస్ కేసు. అరుణాచల్‌ప్రదేశ్‌లో ఒక ఇంజినీరును బెదిరించారన్న చిన్న కేసు. ముద్దాయికి వకీలు లేడు, సాక్షుల్ని తనే ఏదో అడిగాడు, శిక్ష పడింది. వకీలు కావాలని అతను అడగలేదు కాబట్టి విచారణలో తప్పు లేదంది గౌహతి హైకోర్టు. 1951 నాటి తర్కమే అది. సుప్రీంకోర్టు శిక్షను కొట్టేసింది. హక్కుందని తెలియనివాడు అడగలేదనడం అర్థం లేని మాట, చెప్పడం కోర్టు పని అంది. తెలంగాణ పన్నెండు మంది ముందు మూసుకున్న తలుపు ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఒక బెదిరింపు కేసులో తెరుచుకుంది.

అడగకపోయినా ఇవ్వాలన్నది తేలాక అసలు సమస్య బయటపడింది. ఇచ్చిన వకీలు ఏం చేశాడు?

1997 చివర్లో ఢిల్లీ బస్సులో బాంబు పేలిన కేసులో మహమ్మద్ హుస్సేన్ అనే పాకిస్తాన్ జాతీయుడికి మరణశిక్ష పడింది. వకీలు పక్కన లేకుండానే అతని మీద సాక్ష్యం నమోదైన 56 మందిలో క్రాస్ ఎగ్జామిన్ చేసింది ఒక్కరినే. మిగతావాళ్లు చెప్పింది చెప్పినట్టే రికార్డుకెక్కింది. 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు విచారణ మొత్తం మళ్లీ మొదటి నుంచి జరపమంది. ఈసారి వకీలు ఉన్నాడు, సాక్షుల్ని అడిగాడు. 2013లో ముద్దాయి నిర్దోషిగా తేలాడు. అదే సాక్ష్యం, అదే మనిషి. మారింది మధ్యలో నిలబడి అడిగే గొంతు ఒక్కటే.

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా నుంచి వచ్చిన అనోఖీలాల్ కేసు ఇంకా ఘోరం. నేరం 2013 జనవరి చివర్లో జరిగింది, తొమ్మిదేళ్ల పాప మీద అత్యాచారం, హత్య. ఊరంతా మండిపోతున్న సమయం. ఫిబ్రవరి 19న లీగల్ ఎయిడ్ నియమించిన వకీలు రాలేదు. కోర్టు అక్కడికక్కడ ఇంకొకరిని నియమించి అదే రోజు అభియోగాలు నమోదు చేసింది. ఆ వకీలు కాగితాలు చదవడానికి, ముద్దాయితో ఒక్కమాట మాట్లాడటానికి వ్యవధి లేదు. మార్చి మొదటి వారానికల్లా మరణశిక్ష. హైకోర్టు కూడా ఖాయం చేసింది. ఇంత వేగంగా న్యాయం జరిగిందని అప్పట్లో మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2019 డిసెంబరు 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మళ్లీ విచారించమని పంపుతూ కొన్ని నియమాలు పెట్టింది. మరణశిక్ష, యావజ్జీవం పడే అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవమున్న వకీలును పెట్టాలి. సిద్ధం కావడానికి మామూలుగా కనీసం ఏడు రోజులైనా ఇవ్వాలి. ముద్దాయిని కలిసి మాట్లాడే అవకాశం ఉండాలి. స్కాట్స్‌బరో తీర్పు వచ్చిన 87 ఏళ్లకు మన దగ్గర ఏడు రోజులు దొరికాయి.

ఆ కేసు అక్కడితో ఆగలేదు. మళ్లీ విచారణ, మళ్లీ మరణశిక్ష, మళ్లీ హైకోర్టు వెనక్కి పంపడం. చివరికి డీఎన్‌ఏ నివేదికను సరిగ్గా పరిశీలించాక 2024 మార్చిలో నిర్దోషిగా విడుదలయ్యాడు. పదకొండేళ్ల జైలు. పాపను చంపిందెవరో ఆ పదకొండేళ్లలో వెతికే అవసరమే ఎవరికీ కనబడలేదు. ముద్దాయికి మంచి వకీలును ఇవ్వడం బాధితులకు అన్యాయమని వాదించేవాళ్లు ఈ కేసును ఒకసారి చదవాలి.

ఇక్కడే నాకు మన కోర్టుల మీద ఒక ఫిర్యాదుంది. వకీలు లేని విచారణకు వాళ్లు ఇచ్చే మందు ఎక్కువగా మళ్లీ విచారణే. తప్పు చేసింది కోర్టు, మూల్యం చెల్లించేది జైల్లో ఉన్న మనిషి. ఆలస్యమైన కొద్దీ సాక్షులు చనిపోతారు, మరిచిపోతారు, ఊళ్లు మారిపోతారు. అందుకే 2024 డిసెంబరు 2న అశోక్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ కేసులో జస్టిస్ అభయ్ ఓకా బెంచి తీసుకున్న దారి నాకు సరైనదనిపిస్తుంది. ఎన్నో ఏళ్లు గడిచాక మళ్లీ విచారణకు పంపడం న్యాయం కాదని ముద్దాయిని విడుదల చేసింది. అంతకంటే ముఖ్యం, ముద్దాయికి వకీలు లేడని కోర్టుకు గుర్తుచేయడం పబ్లిక్ ప్రాసిక్యూటర్ బాధ్యత కూడా అని చెప్పింది. గెలవాల్సిన పక్షం మీదే ఆ భారం పెట్టడం చూడటానికి వింతగా ఉంటుంది గానీ, పీపీ అంటే పోలీసుల వకీలు కాదు, కోర్టుకు తోడ్పడే అధికారి అన్న పాత సూత్రం నుంచి అది సహజంగా వచ్చేదే.

వకీలు పనితనం సరే, అసలు వకీళ్లే రామంటే? 2010లో ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం చట్టవిరుద్ధం, వృత్తికే అవమానం అంది. అయినా తీర్మానాలు ఆగలేదు. 2019 నవంబరు చివర్లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు షాద్‌నగర్ బార్ అసోసియేషన్ నిందితులకు న్యాయసహాయం అందించబోమని ప్రకటించింది. పోలీస్ స్టేషన్ బయట వేల మంది గుమిగూడి ఉన్నారు. నిందితుల్ని కోర్టుకు తీసుకెళ్లలేక తహసీల్దారును స్టేషన్‌కే రప్పించి రిమాండ్ ఉత్తర్వు తీసుకున్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. 2022 మేలో బయటికొచ్చిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని చెప్పింది. ఒక వకీలు స్టేషన్‌కు వెళ్లి ఉంటే వాళ్లు బతికేవారని నేను అనలేను. కాని ఆ వారం రోజుల్లో ఆ నలుగురి తరఫున అడిగే మనిషి ఒక్కరూ లేకపోవడానికీ, వాళ్ల చావుకు జవాబుదారీ లేకపోవడానికీ సంబంధం లేదని కూడా అనలేను.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ సమస్య మరో రూపంలో వచ్చింది. 2013లో కొందరు యువ న్యాయవాదులు జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్ పేరుతో బస్తర్ ఆదివాసీల కేసులు చేపట్టారు. దంతేవాడ సెషన్స్ కోర్టు రికార్డులు తిరగేసి, 2005 నుంచి 2012 దాకా తేలిన కేసుల్లో 95 శాతానికి పైగా నిర్దోషులుగా విడుదలతో ముగిశాయని లెక్క తీశారు. పైకి చూస్తే మంచి వార్తలా కనిపించే అంకె ఇది. జైల్లో ఏళ్లు గడిపాక నిర్దోషులని తేలడమంటే, శిక్ష ముందు పడి తీర్పు తర్వాత రావడమే. బస్తర్ జిల్లా బార్ అసోసియేషన్ 2015లో బయటి రాష్ట్రాల్లో నమోదైన వకీళ్లు ఇక్కడ వాదించకూడదని తీర్మానించింది. 2016 ఫిబ్రవరిలో అద్దె ఇల్లు కూడా ఖాళీ చేయాల్సి వచ్చి వాళ్లు జగదల్‌పూర్ వదిలేశారు. ఆ బృందంలోని శాలినీ గేరా తర్వాత బిలాస్‌పూర్ చేరి హైకోర్టులో ప్రాక్టీసు సాగించారు. అంటే వకీలు జిల్లా కోర్టు నుంచి హైకోర్టుకు జరిగారు, ముద్దాయి మాత్రం అక్కడే ఉండిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ నుంచి బస్తర్ బయల్దేరిన ఏడుగురి నిజనిర్ధారణ బృందాన్ని దుమ్ముగూడెం దగ్గర పట్టుకుని ఛత్తీస్‌గఢ్ పోలీసులకు అప్పగించారు. అందులో హైదరాబాద్ హైకోర్టు న్యాయవాదులూ ఉన్నారు. వకీళ్లే సుక్మా జైలుకు చేరి తమకు వకీళ్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

బస్తర్ కేసుల తీరు తెలియాలంటే బుర్కాపాల్ చూడాలి. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలను పెద్ద సంఖ్యలో అరెస్టు చేశారు. 2022 జులైలో ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులుగా వదిలేసింది. అప్పటికి అయిదేళ్లు. ఇంతమందికి కలిపి ఒక్కో వాయిదాకు ఎవరెవర్ని జైలు నుంచి తెస్తారు, ఎవరికి ఏ కాగితం ఇస్తారు, ఏ భాషలో చెబుతారు? ముద్దాయికి వకీలు ఉన్నా, ఆ వకీలుకు గోండీ, దోర్లా రాకపోతే మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఎవరన్నదాన్ని బట్టి కేసు తిరుగుతుంది.

అయితే అసలు చిక్కు కోర్టు హాలులో కాదు, దానికి ముందున్న కొద్ది గంటల్లో ఉంది. 1978 నందినీ సత్పతి కేసులో పోలీసు విచారణ సమయంలో వకీలు సాయం ఉండాలని కృష్ణయ్యర్ అన్నారు. 1996 డి.కె. బసు తీర్పు దాన్ని తగ్గించి, విచారణ సాగినంతసేపూ కాకపోయినా మధ్యలో వకీలును కలవనివ్వాలంది. తర్వాత అదే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41-డి సెక్షనైంది, ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షన్‌లో ఉంది. మన పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ తన జ్ఞాపకాలకు '24 గంటలు' అని పేరు పెట్టుకున్నారు. అరెస్టయినవాడిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న 22వ అధికరణం నియమమే అది. పార్వతీపురం కుట్ర కేసు నుంచి మొదలుపెట్టి ఎన్నో కేసులు వాదించిన మనిషికి, కేసు తేలేది తుది వాదనల్లో కాదు, ఆ గంటల్లోనే అని తెలుసు. ఒప్పుకోలు రాయించేది అప్పుడే, రికవరీలు చూపించేది అప్పుడే, మనిషి మాయమైతే మాయమయ్యేదీ అప్పుడే.

ఈ మాట మన కోర్టులూ ఒప్పుకుంటాయి, ఒక మెలికతో. 2012 ఆగస్టు 29 నాటి కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు, మేజిస్ట్రేటు ముందుకు తొలిసారి తెచ్చినప్పుడే వకీలు హక్కు గురించి చెప్పాలి, వద్దంటే తప్ప వకీలును ఇచ్చి తీరాలి, ఈ పని చేయని మేజిస్ట్రేటు మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు అంది. అంతవరకు చాలా గట్టి మాట. వెంటనే, విచారణ దశలో వకీలు లేకపోతే విచారణ చెల్లదు గానీ, అంతకుముందు దశలో లేకపోతే విచారణ దానంతటది చెల్లకుండా పోదు, నష్టం జరిగిందని చూపించాలి అంది. ముంబై దాడుల కేసులో అంతకంటే వేరే తీర్పు రావడం కష్టమే, ఒప్పుకుంటాను. కసబ్‌కు కోర్టులో వకీళ్లు ఉన్నారు, సుప్రీంకోర్టులో రాజు రామచంద్రన్ కోర్టుకు సాయపడే అమికస్‌గా నిలబడి శ్రద్ధగా వాదించారు. ఉరి ఖాయమయ్యాక కూడా ఆ విచారణ మీద దేశం తలదించుకోవాల్సిన అవసరం రాలేదంటే కారణం అదే. కాని ఆ కేసు కోసం చెప్పిన మెలిక ఇప్పుడు అన్ని కేసులకూ నియమం. మొదటి రోజు హక్కును ఉల్లంఘిస్తే పడే శిక్ష మేజిస్ట్రేటు మీద చర్య మాత్రమే, అది కూడా ఎవరైనా ఫిర్యాదు చేస్తే. ఫలితం లేని హక్కును స్టేషన్ పట్టించుకోదు.

ఈమధ్య గాలి కొంచెం మారింది. 2024 మే 15న న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ కేసులో, పొద్దున్నే ఆయన వకీలుకు సరిగా తెలపకుండా, లీగల్ ఎయిడ్ వకీలును పక్కన నిలబెట్టి రిమాండ్ తీసుకున్న తీరును సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వలేదని అరెస్టునే చెల్లదంది. ఇక్కడ లీగల్ ఎయిడ్ వకీలును హక్కుకు రక్షణగా కాక, హక్కును దాటవేసే దారిగా వాడుకున్నారు. ఉచిత న్యాయసహాయ వ్యవస్థకు ఇంతకంటే పెద్ద హెచ్చరిక లేదు.

ఇక ఆ వ్యవస్థ సంగతి. 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం వచ్చింది, 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, కస్టడీలో ఉన్నవాళ్లు, వీళ్లెవరికీ ఆదాయ పరిమితి లేకుండా ఉచితంగా వకీలు దొరకాలి. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. చాలాకాలం ప్యానెల్ వకీళ్లతోనే నడిచింది. సొంత ప్రాక్టీసు చేసుకుంటూ, నామమాత్రపు ఫీజుకు లీగల్ ఎయిడ్ కేసు చూసే పద్ధతి అది. ఇచ్చే ఫీజుకు తగ్గట్టే పని. 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి మొదలైంది. పీపీలకు దీటుగా, నెల జీతం మీద, ఇదే పనిగా ముద్దాయిల కేసులు చూసే వకీళ్ల కార్యాలయం జిల్లాల్లో పెట్టడం. దిశ సరైనదే. పనిభారం ఒక్కటే ప్రశ్న. 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, ఇంకా విచారణ ఖైదీలే.

చట్టం కూడా కొంత కదిలింది. పాత కోడ్‌లో ప్రభుత్వ ఖర్చుతో వకీలు అన్నది సెషన్స్ కోర్టు విచారణకే తప్పనిసరి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సంహిత 341వ సెక్షన్ ప్రకారం ఏ కోర్టులో విచారణైనా, అప్పీలైనా ఇవ్వాలి. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, చిన్న కేసుల్లో మేజిస్ట్రేటు కోర్టులో వకీలు లేకుండా నేరం ఒప్పేసుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద మార్పు. (చిత్రమేమిటంటే, తనకు నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు 1898 కోడ్‌లో 340వ సెక్షన్, 1973లో 303 అయింది, ఇప్పుడు మళ్లీ 340 అయింది.) అదే సంహిత 356వ సెక్షన్ పరారీలో ఉన్నవాడి మీద అతను లేకుండానే విచారణ జరపవచ్చంటుంది, అతని తరఫున ప్రభుత్వమే వకీలును పెట్టాలంటుంది. చూడని, మాట్లాడని మనిషి తరఫున వకీలు ఏ సాక్షిని ఏమడుగుతాడు? బస్తర్ కేసుల్లో పరారీ నిందితుల పేర్లతో నిండిన ఛార్జిషీట్లు మామూలు. ఈ సెక్షన్ మీద మొదటి పెద్ద వివాదాలు బోద్రీ హైకోర్టు ముందుకే వస్తాయని నా అంచనా.

ఆ కోర్టుకూ మనకూ జడ్జీల రాకపోకలున్నాయి. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రధాన న్యాయమూర్తి అరూప్ కుమార్ గోస్వామి బిలాస్‌పూర్ వెళ్లారు, అక్కడి ప్రశాంత్ కుమార్ మిశ్రా అమరావతి వచ్చారు. 2023లో పి. శామ్ కోశీ తెలంగాణ హైకోర్టుకు వచ్చారు. మావోయిస్టుల మీదికి ఆదివాసీలకు ఆయుధాలిచ్చి నడిపిన సల్వా జుడుం చెల్లదన్న 2011 తీర్పు సుప్రీంకోర్టులో రాసింది మన బి. సుదర్శన్ రెడ్డి ఉన్న బెంచి. శబరికి రెండువైపులా ఒకే రకం కేసులు, ఒకే రకం ముద్దాయిలు. భాష విషయంలో మూడు రాష్ట్రాల లీగల్ సర్వీసెస్ సంస్థలు కలిసి పని చేయకపోవడానికి కారణం కనబడదు. భద్రాచలం, చింతూరు వైపు కోయ, దోర్లా వచ్చిన చదువుకున్న కుర్రాళ్లున్నారు. సుక్మా, దంతేవాడ కోర్టులకు కావలసింది వాళ్లే.

ఇప్పుడిది మంచి సలహా స్థాయిలో ఆగే విషయం కాదు. 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, అరెస్టయినవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ, వెంటనే కుదరకపోతే రిమాండుకు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా అందాలనీ చెప్పింది. ఇవ్వకపోతే అరెస్టు, రిమాండు రెండూ చెల్లవు. కసబ్ తీర్పు వదిలేసిన మొదటి రోజుకు ఇప్పుడు ఒక పర్యవసానం వచ్చిందన్నమాట. దోర్లా మాత్రమే వచ్చిన, చదవడం రాని మనిషికి ఈ కాగితం ఏ లిపిలో రాస్తారు, ఎవరు చదివి వినిపిస్తారు? అరెస్టు చేసిన స్టేషన్‌లోని కానిస్టేబులే దుబాసీ అయితే ఆ రెండు గంటలకు అర్థం లేదు. చదివి వినిపించి, అర్థమైందని రాసి సంతకం పెట్టాల్సింది డిఫెన్స్ కౌన్సెల్ కార్యాలయం నుంచి వచ్చిన మనిషి. ఆ సంతకం లేని రిమాండ్ రిపోర్టును మేజిస్ట్రేటు తిప్పి పంపాలి. హైకోర్టు ఒక సర్క్యులర్‌తో చేయగల పని ఇది, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.